తేదీ పెట్టుకుని నడిచే స్నేహాలు

(ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోడానికి రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరస దాకా వినపడుతోందా అండి? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. ఈ మొహమాటం గురించి ఇంకాసేపట్లో చాలా మాట్లాడబోతున్నాను కూడా.

నన్ను నడక గురించి మాట్లాడమన్నారు. అయితే ఏ నడక? చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కళ్ళే చేసే నడక గురించి కాదు, దాని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాట్లాడేది స్నేహితులు ఐదారుగురు కలిసి, నెలకి ఒకసారో రెండుసార్లో, ఊరు దాటి పొలాల పక్కన, వాగు గట్టున, చెట్ల మధ్యలోంచి మూడు నాలుగు గంటలు నడిచి వెనక్కి రావటం గురించి. అదీ ఒక్కసారి వెళ్ళి ఫొటోలు పెట్టుకోవటం కాదు, ఏళ్ళ తరబడి వెళ్తూ ఉండటం గురించి.

నా మాట ముందే చెప్పేస్తాను, ఎందుకో తర్వాత చెప్తాను. ఇలాంటి గ్రూపు నిలబడాలంటే గొప్ప రూట్ అక్కర్లేదు, ఖరీదైన బూట్లు అక్కర్లేదు, ఫిట్‌నెస్ అసలే అక్కర్లేదు. రెండు కావాలి. ముందే ఖాయమైన తేదీ ఒకటి. అందరికంటే మెల్లగా నడిచే మనిషి వేగం ఇంకోటి. ఈ రెండూ ఉన్న గ్రూపు నడుస్తూనే ఉంటుంది. ఏ ఒక్కటి పోయినా కొన్నాళ్ళకి వాట్సాప్‌లో గ్రూపు పేరు మిగుల్తుంది, నడక మిగలదు.

ముందు తేదీ సంగతి. మీలో ఎంతమంది గ్రూపుల్లో ఈ మెసేజ్ చూశారు, "ఈ వారం ఎవరెవరికి కుదుర్తుంది?" అని? చూశారు కదా. దానికి ఒకరు శనివారం అంటారు, ఒకరు ఆదివారం అంటారు, ఒకరు వచ్చేవారం అయితే ఓకే అంటారు, ఇద్దరు చదివి ఊరుకుంటారు, చివరికి ఎవరో "సరే తర్వాత చూద్దాం" అంటారు, ఆ తర్వాత ఇక ఎవరూ చూడరు. తప్పు ఎవరిదీ కాదండి. ఎనిమిది మందికి ఒకేసారి ఖాళీ దొరికే రోజు క్యాలెండర్లో ఉండదు, అంతే. కాబట్టి కుదుర్తుందా అని అడగటమే మానెయ్యాలి. నెలలో మొదటి ఆదివారం, మూడో ఆదివారం, పొద్దున్న ఆరున్నరకి ఫలానా చోట కలుస్తాం, వచ్చినవాళ్ళతో బయల్దేరతాం. ఇద్దరే వస్తే ఇద్దరే నడుస్తారు. రానివాళ్ళు కారణం చెప్పక్కర్లేదు. ఈ ఆఖరి మాట గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే కారణం చెప్పాల్సి వస్తే మనిషికి అపరాధభావం వస్తుంది, రెండుసార్లు అపరాధభావం వచ్చినవాళ్ళు మూడోసారి గ్రూపులోంచే మెల్లగా జారుకుంటారు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. లండన్లో 1879లో లెస్లీ స్టీఫెన్ అని ఒక రచయిత, విమర్శకుడు, ఆల్ప్స్ పర్వతాలు కూడా ఎక్కిన మనిషి, ఇంగ్లిష్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ తండ్రి అంటే మీలో కొంతమందికి తెలుస్తుంది, ఆయన తన స్నేహితులతో కలిసి ఒక నడక బృందం పెట్టాడు. సండే ట్రాంప్స్ అనేవాళ్ళు. లాయర్లు, తత్వశాస్త్రం చెప్పేవాళ్ళు, పత్రికల్లో రాసేవాళ్ళు, అందరూ ఊపిరాడని పనుల్లో ఉన్నవాళ్ళే. ఆదివారం విడిచి ఆదివారం రైలెక్కి ఊరు దాటి దిగటం, రోజంతా నడవటం. ఒక్కోసారి 30 కిలోమీటర్ల పైన కూడా నడిచేవాళ్ళు. దాదాపు 15 ఏళ్ళు నడిచింది ఆ బృందం. పదిహేనేళ్ళండి! వాళ్ళకి పనుల్లేకనా? ఆ రోజు ఆ రోజే అని పెట్టుకున్నారు కాబట్టి.

సరే, వాళ్ళు పెద్ద చదువులవాళ్ళు, వాళ్ళకి చెల్లింది అంటారేమో. ఇంగ్లండ్‌లోనే షెఫీల్డ్ చూడండి. ఉక్కు ఫ్యాక్టరీల ఊరు, ఆకాశం కనపడనంత పొగ. అక్కడ 1900లో బెర్ట్ వార్డ్ అని ఒక ఇంజనీరింగ్ కార్మికుడు క్లారియన్ అనే పత్రికలో ప్రకటన ఇచ్చాడు, ఆదివారం కొండల వైపు నడుద్దాం, వచ్చేవాళ్ళు రండి అని. అలా మొదలైంది షెఫీల్డ్ క్లారియన్ ర్యాంబ్లర్స్. వాళ్ళు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఏంటంటే, జేబులో పట్టేంత చిన్న పుస్తకం అచ్చు వేయించుకునేవాళ్ళు, అందులో ఏ ఆదివారం ఏ దారి, ఎక్కడ కలవాలి, ఎవరు ముందుండి నడిపిస్తారు, అంతా ముందే ఉండేది. వారమంతా మిషన్ల మధ్య పనిచేసే మనిషి జేబులో ఆ చిన్న పుస్తకం ఉందంటే రాబోయే ఆదివారం ఆ జేబులో ఉన్నట్టే కదా. ఫోన్లు లేని కాలంలో వాళ్ళకి కుదిరింది, మనకెందుకు కుదరదు?

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, కొంచెం ఓపిగ్గా వినండి. కాన్సాస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో ఒక పరిశోధన ప్రచురించాడు. తెలిసిన మనిషి స్నేహితుడు అవ్వటానికి కలిసి ఎంత సమయం గడపాలి అన్నది ఆయన ప్రశ్న. ముఖపరిచయం మామూలు స్నేహం అవ్వటానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అని నిజంగా చెప్పుకోడానికి సుమారు 90 గంటలు, ప్రాణస్నేహం దాకా రావటానికి 200 గంటల పైన. పైగా ఆఫీసులో పక్కపక్కన కూర్చున్న గంటలు దీనికి పెద్దగా పనికిరావు, ఇష్టపడి కలిసి గడిపిన గంటలే లెక్కలోకొస్తాయి. ఇప్పుడు చెప్పండి, పెద్దయ్యాక, ఉద్యోగం, పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్ళు, వీటన్నిటి మధ్య 90 గంటలు మనకి ఎవరిస్తారు? నెలకి రెండు నడకలు, ఒక్కోటి నాలుగు గంటలు వేసుకోండి. ఏడాదికి 96 గంటలు. ఒక్క ఏడాదిలో ముఖపరిచయం స్నేహం అయిపోతుంది. రెండేళ్ళు దాటితే, మీ ఇంట్లో ఏం జరిగినా ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలో మీకు తెలుస్తుంది.

గంటలు ఒక్కటే చాలా అంటే చాలవు, ఆ గంటల్లో ఏం జరుగుతుందో చూడాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

ఎదురెదురుగా కూర్చుంటే ఏమవుతుంది? మొహంలోకి చూడాలి. మాట ఆగితే ఇబ్బంది, ఎవరో ఒకరు ఆ ఖాళీ నింపాలి. నడుస్తూంటే ఆ ఇబ్బంది లేదు. పక్కపక్కన ఉంటాం, ఇద్దరి చూపూ ముందుకే ఉంటుంది, మాట ఆగితే దారి ఉంది, చెట్టు ఉంది, పిట్ట ఉంది, మళ్ళీ పది నిమిషాలకి మాట దానంతటదే మొదలవుతుంది. బరువైన విషయాలు అలాంటప్పుడే బయటికొస్తాయి. మా బృందంలో ఒకాయన, ఏళ్ళుగా తెలిసినాయనే, వాళ్ళ నాన్నగారి జబ్బు గురించి ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడింది లేదు. ఒక రోజు ఎత్తు ఎక్కుతూ, ఆయాసపడుతూ, నా వైపు చూడకుండానే మొత్తం చెప్పాడు. నేను ఏమీ అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు, ఇద్దరం నడుస్తూనే ఉన్నాం. ఆ మాటలు ఒక గదిలో కూర్చోబెట్టి అడిగితే వచ్చేవా? నాకైతే నమ్మకం లేదు.

ఇంకోటి చూడండి. ఎనిమిది మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటే ఎంతమంది మాట్లాడతారు? ఇద్దరో ముగ్గురో మాట్లాడతారు, మిగతావాళ్ళు వింటారు. రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త తోటివాళ్ళతో కలిసి ఈ విషయం పరిశీలించి 1995లో రాశాడు, సహజంగా సాగే సంభాషణలో సుమారు నలుగురే పడతారు, ఐదో మనిషి రాగానే అది రెండుగా చీలటం మొదలవుతుంది అని. బల్ల దగ్గర చీలితే ఒక పక్క గోల ఇంకో పక్కకి వినపడుతుంది. దారిలో చీలితే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పైగా దారి ఊరికే ఉండదు కదా, ఒకచోట సన్నబడి ఒకళ్ళ వెనక ఒకళ్ళు వెళ్ళాల్సొస్తుంది, ఒకచోట గేటు తీసి పట్టుకోవాలి, ఒకచోట నీళ్ళు దాటాలి, దాటినప్పుడల్లా వరస మారిపోతుంది, ఇందాక మీ పక్కన ఉన్నావిడ వెనక్కి పోయింది, ఇప్పుడు ఇంకెవరో మీ పక్కకొచ్చారు. అలా నాలుగు గంటల్లో ప్రతి మనిషికీ ప్రతి మనిషితో కాస్త సమయం దొరుకుతుంది. ఎవరూ ప్లాన్ చెయ్యకుండానే. నలుగురిలో నోరు విప్పని మనిషి కూడా ఇక్కడ ఒక్కరితో మాట్లాడటానికి భయపడరు. మీ స్నేహితుల్లో అలాంటివాళ్ళు ఉంటే వాళ్ళని పార్టీలకి పిలవకండి, నడకకి పిలవండి.

మనుషులు మాట కోసం నడక ఎలా మార్చుకుంటారో 2010లో ఫ్రాన్స్‌లో కొంతమంది పరిశోధకులు వీధుల్లో వీడియోలు తీసి చూశారు. ఖాళీ ఉంటే అందరూ పక్కపక్కన ఒక వరసగా నడుస్తారు. జనం ఎక్కువైతే ఆ వరస వంగుతుంది, మధ్యలో ఉన్నవాళ్ళు కాస్త వెనక్కి, చివర్లవాళ్ళు కాస్త ముందుకి. వేగంగా వెళ్ళాలంటే దానికి తిరగేసి ఉండాలి. కానీ అలా ఉంటే ఒకరి మొహం ఒకరికి కనపడదు, మాట వినపడదు. అందుకని వేగం వదులుకుని మరీ మాటని కాపాడుకుంటారు. గుంపు పెద్దదైనకొద్దీ నడక మెల్లగా అవుతుందని కూడా వాళ్ళు చూశారు. మనకి తెలియకుండానే మన కాళ్ళు స్నేహం వైపు మొగ్గుతున్నాయి, చూశారా!

వేగం మాట వచ్చింది కాబట్టి నా రెండో విషయం. మెల్లగా నడిచే మనిషి.

మామూలుగా జరిగేది చెప్తాను, మీది ఇదేనా కాదా చూసుకోండి. నలుగురు గబగబా ముందుకెళ్ళిపోతారు. ఒకచోట ఆగి, కూర్చుని, నీళ్ళు తాగి, కబుర్లు చెప్పుకుంటూ వెనకవాళ్ళ కోసం ఎదురుచూస్తారు. వెనకమనిషి ఆయాసపడుతూ వచ్చి చేరగానే "హమ్మయ్య వచ్చేశారా, ఇక పదండి" అని లేస్తారు. గమనించారా? ఎవరికి విశ్రాంతి కావాలో ఆ మనిషికి ఒక్క నిమిషం దొరకలేదు. అక్కర్లేనివాళ్ళకి పది నిమిషాలు దొరికింది. ఇలా రెండు మూడు నడకలు అయ్యాక ఆ మనిషి "నాకు పనుందండి, మీరెళ్ళి రండి" అంటారు. ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు, కానీ పంపించేసింది మనమే.

అందుకని ఏం చెయ్యాలంటే, మెల్లగా నడిచేవాళ్ళని ముందు వరసలో పెట్టండి, అందరికంటే చురుగ్గా ఉన్న మనిషిని చివర్లో పెట్టండి. చివరి మనిషి బాధ్యత ఒక్కటే, తన వెనక ఎవరూ ఉండకూడదు. ఎవరైనా లేసు కట్టుకోడానికి ఆగినా, చెట్ల వెనక్కి వెళ్ళాల్సొచ్చినా, చివరి మనిషి ఆగుతారు. ఇంక ఆగినప్పుడు, వెనకవాళ్ళు చేరిన దగ్గర్నుంచి ఐదు నిమిషాలు లెక్కపెట్టండి, ముందువాళ్ళు ఆగిన దగ్గర్నుంచి కాదు.

ఎంతసేపు పడుతుందో ముందే అంచనా వేసుకోడానికి పాత సూత్రం ఒకటి ఉంది. స్కాట్లాండ్‌లో విలియం నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో ఇచ్చింది. చదునుగా 5 కిలోమీటర్లకి ఒక గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. అంటే 12 కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కాల్సి ఉంటే రెండు గంటల ఇరవైనాలుగు నిమిషాలు, ప్లస్ అరగంట, మొత్తం మూడు గంటలకి ఆరు నిమిషాలు తక్కువ. ఆగకుండా నడిచే గట్టి మనిషికి అది. స్నేహితుల గుంపుకి నాలుగు, నాలుగున్నర వేసుకోండి. చీకటి పడేలోపు తిరిగి రావాలంటే ఆ లెక్క బయల్దేరేముందే వెయ్యాలి, సగం దారిలో కాదు. దిగేటప్పుడు తేలిక కదా అని టైమ్ తగ్గించకండి, నిటారుగా ఉన్న దిగుడులో మోకాళ్ళు వేగం ఇవ్వవు, మర్నాడు తొడల నొప్పి కూడా ఎక్కువగా దిగటం వల్లే వస్తుంది.

ఇప్పుడు మొహమాటం. బూటు లోపల మడమ దగ్గర వేడిగా గీసుకుంటున్నట్టు ఉంటుంది, "నా ఒక్కడి కోసం అందరూ ఎందుకు ఆగాలి" అని ఊరుకుంటారు. గంట తర్వాత అది పొక్కు, అప్పుడు అందరూ నిజంగానే ఆగాలి. మొదట్లోనే ఆగి ఒక టేప్ ముక్క అంటిస్తే రెండు నిమిషాల పని. నీళ్ళు అయిపోయినా అంతే, కళ్ళు తిరిగినట్టున్నా అంతే. చెప్పరు. అందుకని ముందు నడిచేవాళ్ళే అప్పుడప్పుడు "కాళ్ళు ఎలా ఉన్నాయి? నీళ్ళున్నాయా?" అని ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి అడగాలి. "అందరూ బానే ఉన్నారా" అని గుంపుని అడిగితే గుంపు బానే ఉన్నామంటుంది. మనిషిని అడిగితే మనిషి చెప్తాడు.

ఆరోగ్యం గురించి తొందరగా చెప్పేస్తాను, అడుగుతారని తెలుసు. బృందంగా నడవటం మీద జరిగిన 42 అధ్యయనాలు, మొత్తం 1,843 మంది, వీటన్నిటినీ కలిపి ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీవాళ్ళు 2015లో చూశారు. రక్తపోటు తగ్గింది, విశ్రాంతిగా ఉన్నప్పటి గుండె వేగం తగ్గింది, డిప్రెషన్ స్కోర్లు తగ్గాయి. ఎంత గట్టిగా నడవాలి అంటారా, మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అది మధ్యస్థమైన శ్రమ. అంటే పక్కనున్న మనిషితో కబుర్లు సాగుతున్నాయంటే మీ వేగం సరిపోయినట్టే. స్నేహితుల నడకకి అంతకంటే మంచి మీటర్ ఏం కావాలి?

దారి తప్పటం గురించి ఒక్క మాట. సూటిగానే పోతున్నాం అని మనకి అనిపిస్తుంది, అది నమ్మకండి. జర్మనీలో ట్యూబింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు 2009లో ప్రచురించిన ప్రయోగంలో మనుషుల్ని అడవిలోనూ సహారా ఎడారిలోనూ తిన్నగా నడవమన్నారు. సూర్యుడు కనపడినంతసేపూ తిన్నగానే వెళ్ళారు. మబ్బు పట్టిన అడవిలో గుండ్రంగా తిరిగి తమ దారినే దాటారు, అయినా తిన్నగా వెళ్తున్నాం అనే అనుకున్నారు. గుంపులో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ముందువాళ్ళు చూసుకుంటున్నారులే అని వెనకవాళ్ళు, కబుర్లలో పడి ముందువాళ్ళు, ఇద్దరూ దారి చూడరు. కాబట్టి ఆ రోజు దారి బాధ్యత ఒకరిది అని బయల్దేరేటప్పుడే పైకి అనుకోండి. ఒక్కోసారి ఒక్కొక్కళ్ళది. ఎప్పుడూ ఒక్కరే మోస్తే ఆ ఒక్కరూ అలిసిపోతారు, వాళ్ళకి ఒంట్లో బాలేని రోజు నడకే ఆగిపోతుంది.

ఉరుము వినపడితే మాత్రం వాదనలొద్దు. మెరుపు చూసి లెక్కపెట్టండి, మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు. ముప్ఫై లోపు ఉరిమితే ఒంటరి చెట్టు కింద కాకుండా గట్టి భవనంలోకో కారులోకో వెళ్ళండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. దగ్గర్లో ఏదీ లేకపోతే ఎత్తు దిగి, ఒకరికొకరు దూరందూరంగా ఉండండి. భయమేసినప్పుడు దగ్గరగా చేరాలనిపిస్తుంది, కానీ అప్పుడే విడిపోవాలి, పడితే ఒక్కరి మీద పడాలి, మిగతావాళ్ళు సాయం చెయ్యగలగాలి.

ఇంకో విషయం, మనం నడిచే నేల మనది కాదు. ఎవరో దున్నిన పొలం, ఎవరో మేపే పశువులు. గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తీసి ఉంటే తీసే ఉంచండి, అది పశువులు నీళ్ళకి వెళ్ళే దారి అయ్యుండొచ్చు. పైరులోంచి అడ్డంగా పోవద్దు. నలుగురం ఉన్నామన్న ధైర్యంతో గట్టిగా అరుస్తూ పోవద్దు. మనతో మాట్లాడే రైతు ఉంటే ఆగి మాట్లాడండి, ఆ నేల గురించి ఏ మ్యాపూ చెప్పని సంగతులు ఆయనకి తెలుసు.

అలాగే, నడిచే హక్కు ఊరికే వచ్చింది కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లండ్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ ప్రాంతం వేటగాళ్ళ కోసం మూసేసి ఉండేది. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు ముందుండి, వందలమంది, ఎక్కువగా మాంచెస్టర్ చుట్టుపక్కల పనిచేసుకునే కుర్రకారు, ఆ కొండెక్కారు. ఐదుగురికి జైలు శిక్ష పడింది. అల్లర్లు, కొట్లాట అని కేసులు పెట్టారు, వాళ్ళు వెళ్ళింది మాత్రం నడవటానికండి! 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది, 1965లో సరిగ్గా అదే ఏప్రిల్ 24న పెన్నైన్ వే అనే పొడవాటి కాలిబాట అధికారికంగా తెరిచారు. నార్వేలో అయితే సాగుచెయ్యని నేల మీద ఎవరైనా నడవొచ్చని 1957 నుంచి చట్టమే ఉంది. ఎక్కడి చట్టం ఏం చెప్తుందో అక్కడ తెలుసుకుని నడవండి, అడగాల్సిన చోట అడగండి.

"ఎప్పుడూ అదే దారి అయితే బోర్ కొట్టదా?" అని చాలామంది అడుగుతారు. కొట్టదు. నేను ఒకే దారి ఏడాది పొడవునా నడవమనే చెప్తాను. వాన తర్వాత ఆ వాగు వేరు, ఎండల్లో వేరు. మొదటిసారి చెట్టు అన్నది ఆరోసారికి ఫలానా చెట్టు అవుతుంది, దాని మీద ఏ పిట్ట ఏ నెలలో ఉంటుందో తెలుస్తుంది, ఈసారి లేకపోతే ఏమైందో అని బెంగ కూడా వేస్తుంది. పైగా దారి తెలిసిందైతే దాని మీద పెట్టాల్సిన ధ్యాస పక్కనున్న మనిషి మీద పెట్టొచ్చు. ఫోన్లు కూడా ఒక్క దారి చూసే మనిషివి తప్ప మిగతావి బ్యాగుల్లో ఉండనివ్వండి.

ఆఖరిగా, దీని గురించి తక్కువమంది ఆలోచిస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ గ్రూపులో ఒకరికి మోకాలు పోతుంది, ఒకరికి ఆపరేషన్ అవుతుంది, ఒకరికి ఇంట్లో చూసుకోవాల్సినవాళ్ళు ఉంటారు. అప్పుడేం చేస్తారు? వాళ్ళు తగ్గాక వస్తారులే అని వదిలేస్తే వాళ్ళు రారు. దారి కత్తిరించండి. పెద్ద దారిలోనే చివరి రెండు కిలోమీటర్లకి వాళ్ళు కలిసేలా ఒక చోటు చూసుకోండి, లేదా నెలలో ఒక నడక పూర్తిగా చదునుగా, గంటలో అయిపోయేలా పెట్టండి. మా దగ్గర ఒక పెద్దావిడ ఇప్పుడు అర కిలోమీటరు కూడా నడవలేరు. బయల్దేరే చోటికి వచ్చి కూర్చుంటారు, మేం బయల్దేరేటప్పుడు ఉంటారు, వచ్చేసరికి మళ్ళీ ఉంటారు, ఏం చూశారో అన్నీ వరసగా చెప్పించుకుంటారు. ఆవిడ రాని రోజు ఆ రోజు నడకలో ఒకరు తక్కువయ్యారనే అనుకుంటాం, ఆవిడ నడవకపోయినా సరే.

మొదలుపెట్టడానికి ఎంతమంది కావాలి అని ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు. ముగ్గురు చాలు. ఇద్దరైతే ఒకరు మానేస్తే ఆగిపోతుంది, పదిమంది అయ్యేదాకా ఆగితే మొదలవ్వదు. ఆ ముగ్గురూ ఇవాళ ఈ గదిలోనే ఉండి ఉంటే, బయటికెళ్ళేముందే తేదీలు రాసుకోండి, వచ్చే ఆరు నెలలవీ ఒకేసారి. మొదటి దారి ఎనిమిది కిలోమీటర్లు మించకుండా చూసుకోండి. ఇప్పుడు ప్రశ్నలు, ముందు ఆ వెనక వరసకి మైక్ ఇవ్వండి, ఇందాకట్నుంచి ఆ అమ్మాయి చెయ్యి ఎత్తే ఉంచింది.